చెవికి అందిన చెయ్యి

పేపర్లో ఆమె వయసు తప్పు వేశారు. రెండేళ్ళు ఎక్కువ.

జిల్లా పేజీలో, పశువైద్య శిబిరం వార్తకీ బోర్లు వేసేవాళ్ళ ప్రకటనకీ నడుమ నాలుగు లైన్లు. విశ్రాంత ఆచార్యురాలు, శిశు, కౌమార మనస్తత్వశాస్త్రంలో పరిశోధకురాలు, స్వస్థలం అనంతసాగరం మండలం, అనారోగ్యంతో మృతి. చివర వయసు. నేను ఆ అంకె దగ్గరే ఆగిపోయాను. ఆమె ఉండి ఉంటే ఆమె కూడా అక్కడే ఆగి, కళ్ళజోడు తీసి పైటకు తుడుచుకుని, "చూసినావా, హెడ్మాస్టరు ఇంకా వదల్లేదు నన్ను" అని ఉండేది.

ఆత్మకూరు బస్టాండు ఎదురుగా టీ కొట్లో ఉన్నానప్పుడు. చేతిలో టీ చల్లారిపోయింది. ఇలాంటి సందర్భంలో టీ చల్లారిందని రాస్తే బాగుంటుంది గానీ, నిజానికి ఆ కొట్లో టీ చల్లారే వస్తుంది.

ముందు ఆ హెడ్మాస్టరు సంగతి చెప్పాలి. ఆ రోజుల్లో మా వైపు పుట్టిన తేదీ అనేది ఎవరికీ ఉండేది కాదు. బళ్ళో చేర్చేటప్పుడు పిల్లను నిలబెట్టి, కుడిచెయ్యి నడినెత్తి మీదుగా తిప్పి ఎడమ చెవి పట్టుకోమనేవాళ్ళు. అందితే అయిదేళ్ళు నిండినట్టు. అందకపోతే ఇంటికి పోయి పెరిగి రావాలి. అందినవాళ్ళకు జూన్‌లోనో జూలైలోనో ఒక తేదీ రాసిచ్చేవాళ్ళు. మా ప్రాంతంలో ఒక తరం మొత్తం ఆ రెండు నెలల్లోనే పుట్టింది. మిగతా నెలల్లో మా ఆడవాళ్ళు ఎవరినీ కన్న దాఖలా లేదు.

ఈమెకు అప్పటికి మూడేళ్ళు. అన్న వెంట ఊరికే పోయింది. చేతులు పొడుగు. చెయ్యి చెవికి అందింది.

"హెడ్మాస్టరు నా తల కూడా కాస్త వంచినాడని మా అన్న అంటాడు" అనేది ఆమె. "నేను నమ్మను. ఆయన శాస్త్రప్రకారమే పోయినాడు. పొరపాటంతా నా చేతులదే."

ఆ చేతులను నేను చాలా ఏళ్ళు చూశాను. నులకమంచం ఈ చివర కూర్చుని ఆ చివరి మంచినీళ్ళ గ్లాసు అందుకునేది. అలాంటి మనిషి తిరిగి తిరిగి చివరికి చేరింది ఎక్కడికంటే, పిల్లల వయసు నెలలతో సహా తెలియకపోతే ఒక్క అడుగు ముందుకు పడని చదువులోకి.

ఆమె దగ్గర నా ఉద్యోగం పేరు పరిశోధన సహాయకుడు. ఏడాదికి కొన్ని వారాల పని. మిగతా ఏడంతా ఆత్మకూరులో ఒక ప్రైవేటు కాలేజీలో పాఠాలు చెప్పుకునేవాణ్ణి. చేరేనాటికి నా దగ్గర ఒక ఎం.ఏ., ఒక పాత మోటారు సైకిలు ఉండేవి. ఇంటర్వ్యూలో ఆమె రెండింటి గురించీ అడిగింది. మొదటిదాని గురించి మర్యాదకు అడిగింది.

ఉదయగిరి, సీతారామపురం మండలాల ఊళ్ళలో పాకే వయసు పిల్లలను కొందరిని ఎంచుకుంది. వాళ్ళకు పద్దెనిమిది నిండేదాకా ఏటా వెళ్ళి చూడాలి. మాట ఎలా వస్తోంది, భయం వేస్తే ఎవరి వైపు చూస్తున్నారు, పన్నెండు దాటాక ఎందుకు నోరు మూసుకుంటున్నారు, ఇవీ ఆమె ప్రశ్నలు. పుస్తకాల్లో ఉన్న పిల్లలంతా ఎక్కడెక్కడి పిల్లలో గానీ, గొర్రెల మంద వెంట పెరిగిన పిల్ల ఒక్కటీ వాటిల్లో లేదని ఆమె పట్టుదల. జీవితమంతా ఆ ఒక్క పనికే పెట్టింది. ఊళ్ళవాళ్ళు మొదట ఆమెను పోలియో చుక్కలామె అనుకున్నారు. తర్వాత పిల్లలు పుట్టకుండా చేసే ఆపరేషన్లకు మనుషుల్ని చేర్చే ఆమె అనుకుని తలుపులేసుకున్నారు. చివరికి ఆమె వెంట తెచ్చే చెక్క బొమ్మల పెట్టె చూసి బొమ్మల మేడం అని స్థిరపడ్డారు.

పెట్టెలోంచి చెక్కముక్కలు తీసి పిల్ల ముందు పోసి, ఒకదానిమీద ఒకటి పేర్చమనేది. పిల్ల రెండు పేర్చి మూడోదాన్ని నోట్లో పెట్టుకునేది. ఇంటి పరువు పోతోందని మేనత్త వచ్చి మిగతావి పేర్చేది.

"పాసయిందా మేడం?"

"ఇందులో పాసు, ఫెయిలు ఉండదమ్మా."

"మరి పరీచ్చ ఎందుకు పెట్టినావు?"

ఆమె చెక్కముక్కలు ఏరి పెట్టెలో వేసుకునేది. విశ్వవిద్యాలయంలో కూడా ఇదే అడుగుతున్నారని తిరుగు దారిలో నాతో అంది.

పిల్లను నేరుగా చూసేది కాదు. నేల మీద కూర్చుని పక్కకు తిరిగి గోడను చూస్తూ ఉండేది. "మనం చూడకూడదయ్యా. మనల్ని చూడనియ్యాల" అనేది. గోడను చూసినందుకు జీతమిచ్చే ఉద్యోగం ఇదొక్కటేనని నేనన్నాను. "ఇంకా శానా ఉండాయి. వాటిల్లో గోడ కూడా చూడరు" అంది.

వయసు కట్టే తీరు వేరు. ఏ తల్లినీ బిడ్డ వయసెంత అని అడిగేది కాదు. పుట్టినప్పుడు చేన్లో ఏముంది, చెనక్కాయలు పీకినారా లేదా, మంద ఎక్కడ దిగింది, వాన ముందా వెనకా, ఇలా అడుక్కుంటూ పోయేది. తల్లి ఒకటి చెబితే పొరుగామె ఒకటి చెప్పేది. ఆ ఏడు గొర్రెలకు రోగమొచ్చిందని ఒకరు, రోగం కాదు అమ్ముకున్నారని ఒకరు. తగువు ముదిరి అసలు లెక్క పోయేది. అప్పుడు ఈమె పెన్ను మూసి, మోకాళ్ళ మీద చేతులు పెట్టుకుని, నీళ్ళ బిందె మళ్ళీ నెత్తికెత్తుకునే మనిషిలా ఒక్క ఊపిరి తీసి, "సరే, మొదట్నించి" అనేది. విసుగు ఉండేది కాదు అందులో. విసుగు దాటి అవతల ఉండేదేదో ఉండేది.

ఈ లెక్కలతో రాసిన వ్యాసాన్ని ఎక్కడికో పంపితే, వేరుశనగ కోత నమ్మదగిన సాక్ష్యమేనా అని అడుగుతూ తిప్పి పంపారట. "బడి సర్టిఫికెట్టు జతచేస్తే వేసుకుంటారంట" అంది. "అది అబద్ధం కదా మేడం" అన్నాను. "అబద్ధమైతే ఏం, దానికి స్టాంపు ఉండాది."

ఒకసారి ఉదయగిరిలో తల్లిదండ్రులను కూర్చోబెట్టి కౌమారం గురించి మాట్లాడమన్నారు. మాట్లాడింది. పిల్లతనం పోయి పెద్దతనం రాకముందు నడుమ ఒక కాలం ఉంటుందని, అప్పుడు పిల్లలకు తామెవరో వెతుక్కునే తీరిక ఇవ్వాలని చెప్పింది. వెనక వరసలో ఒక రైతు లేచాడు.

"అది ఎన్నాళ్ళుంటాదమ్మా?"

"ఏడెనిమిదేళ్ళు."

"మా కాడ అంత టయిము ఇయ్యరమ్మా" అని కూర్చున్నాడు.

తిరిగొచ్చేటప్పుడు ఆమె బండి వెనక పెట్టె ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. అలసిపోయారా అన్నాను. "లేదయ్యా, వయసు" అంది. తర్వాత, "అందులోనూ రెండేళ్ళు హెడ్మాస్టరువి" అంది.

ఆ రెండేళ్ళు అప్పటిదాకా మాకు నవ్వుకునే మాటే. పిల్లలకు పదహారు వచ్చేసరికి నవ్వు ఆగింది. కాగితం ప్రకారం ఆమె రిటైరయ్యేది ఆ ఏడే. పిల్లలకు పద్దెనిమిది నిండేదాకా ఉండాల్సిన ఉద్యోగం సరిగ్గా ఆ రెండేళ్ళు తక్కువైంది. పుట్టిన తేదీ దిద్దమని ఆఫీసులో అడిగింది. అక్కడి ఉద్యోగి మంచివాడే. కుర్చీ వేసి చెప్పాడు. తేదీ దిద్దితే పదోతరగతి పరీక్షకు కూర్చునే వయసు అప్పటికి మీకు లేదని తేలుతుంది మేడం, పదోతరగతి పోతే దాని పైన ఉన్నవన్నీ పోతాయి, డాక్టరేటుతో సహా. ఆమె మంచినీళ్ళు తాగి వచ్చేసింది.

రిటైరవడానికి ముందు నెల ఆఖరి తిరుగుడు. సీతారామపురం అవతల ఒక ఊరు, మల్లేశ్వరి వాళ్ళ ఇల్లు. ఈ మల్లేశ్వరి, మూడో చెక్కముక్క నోట్లో పెట్టుకున్న పిల్ల. పది పాసై ఇంటి దగ్గర ఉంది. మేము పోయేసరికి వసారాలో కొత్త మనుషులు మంచం మీద కూర్చుని టీలు తాగుతున్నారు. అనంతసాగరం వైపు నుంచి వచ్చిన పెళ్ళికొడుకు నాయన, ఆయన వెంట ఒక పెద్దమనిషి. ముహూర్తం మాట్లాడుకోవడానికి వచ్చారు.

నేను పెట్టె తాళ్ళు విప్పుతున్నాను. మల్లేశ్వరి దొడ్డి వైపు నుంచి వచ్చి ఆమె పక్కన నిలబడింది.

"మేడం, పద్దెనిమిది దాకా వస్తానని చెప్పినారు గదా."

"చెప్పినాను."

"నాకింకా పదారే గదా."

"పదారే."

"అయితే ఇంకా రెండుసార్లు రావాల మీరు. నేను ఈడ లేకపోతే యాడికొస్తారు?"

పెళ్ళి వద్దని ఆ పిల్ల అనలేదు. ఏడవలేదు. పరిశోధనకు నష్టం జరుగుతోందని గుర్తు చేసింది, అంతే. చెబుతున్నంతసేపూ గోడను చూస్తూనే ఉంది. ఆ విద్య ఎక్కడ నేర్చుకుందో నాకు తెలుసు. తను ఇంక రానని ఆమె అప్పటికి ఆ పిల్లకు చెప్పలేదు.

"తహసీల్దారుకు ఫోన్ చేద్దాం మేడం" అన్నాను.

"ఆయన ఏం చూస్తాడు? సర్టిఫికెట్టు. అది పద్దెనిమిదంటాది."

"మన దగ్గర అసలు వయసు ఉంది కదా."

"ఈ ఇంట్లో విన్న మాట ఈ గడప దాటించనని చెప్పి తెచ్చుకున్నదయ్యా అది. ఇన్నేళ్ళూ అందుకే గదా తలుపు తీసింది."

"మరి?"

"గడప లోపలే మాట్లాడదాం."

పోయి వసారాలో మల్లేశ్వరి అవ్వ పక్కన నేల మీద కూర్చుంది. ఎవరీమె అని పెళ్ళికొడుకు నాయన అడిగాడు. "బొమ్మల మేడం. ఏటా వస్తాది, ఏందో రాసుకోని పోతాది. ఏం కాదులేన్నా" అన్నాడు పిల్ల నాయన.

"అవ్వా" అంది ఆమె, "నా లెక్క ఒకసారి సరిచూసుకుంటా. నీ మనవరాలిదే. సరే, మొదట్నించి. మల్లేశ్వరి పుట్టినప్పుడు నీ కొడుకు యాడుండాడు?"

"యాడుంటాడు, మందతో సోమశిల కిందికి పోయినాడు. ఆస్పత్రికి పోదామంటే ఆ వానలో బస్సు వాగులో దిగబడిపాయ. ఎవర్నీ పిలవను కూడా లేదు. బిడ్డను నేనే పట్టినాను."

"పెద్దమనవరాలు అప్పటికి పుట్టిందా?"

"పుట్టేదేంది, మూడేళ్ళది. నా కొంగు పట్టుకోని ఒకటే ఏడుపు."

"పెద్దదానికి ఇప్పుడెంత?"

"మొన్న గదా పెళ్ళి చేసినాం. పంతొమ్మిది దానికి."

"మరి దీనికి?"

అవ్వ వేళ్ళు మడుస్తూ మడుస్తూ ఆగింది.

"పదారు" అంది అవ్వ.

"కాయితంలో పద్దెనిమిదుండాదమ్మా" అన్నాడు పిల్ల నాయన. అది అబద్ధమేమీ కాదు. మంద వెంట పోతూ చిన్నదాన్ని ఎవరి దగ్గర వదలాలో తెలియక, ఇద్దర్నీ ఒకేరోజు బళ్ళో వేశారు. ఆ ఊరి హెడ్మాస్టరు దయదలచి ఇద్దరికీ నడుమ ఒక ఏడు తేడా ఇచ్చాడు. తర్వాత ఆ కాగితమే ఆ తండ్రికి నిజమైపోయింది.

"కాయితం కనిందా దాన్ని?" అంది అవ్వ. "నీ పెళ్ళాం కనింది. పట్టింది నేను. ఎప్పుడు పుట్టిందో నాకు చెప్తావా రా?"

పెళ్ళికొడుకు నాయన టీ గ్లాసు కింద పెట్టాడు. "మాకు కేసులు, గీసులు వద్దబ్బాయ్. తెలియకుంటే తెలియనట్టే జరిగిపోయేది. ఇంతమందిలో అనేసినాక ఇంకేముండాది" అని లేచాడు. మర్యాదగానే వెళ్ళిపోయారు.

పిల్ల నాయన చాలాసేపు తువ్వాలు దులుపుకుంటూ నిలబడ్డాడు.

"ఏం మేడం, ఏటా వచ్చి చెక్కలు పేర్చి పోతావులే అనుకుంటి. ఈసారి మా ఇల్లే పడేస్తివి. ఇంక రెండేళ్ళు నేను దీన్ని కాసేదా, గొర్రెల్ని కాసేదా?"

"ఆత్మకూరు హాస్టల్లో వెయ్యి. చదువుకుంటాది. నేను వచ్చి చూసిపోతుంటా."

"పైనెల రిటైరంట గదా. మీ సారు చెప్పినాడు ఇందాక."

"ఉద్యోగానికి రిటైరు. బస్సులు తిరగతా ఉండాయి గదా."

అవ్వకు ఇది నచ్చలేదు. "అప్పుడే నీకు రిటైరేంది? మీ అమ్మ ఏం చెప్పేది, నువ్వు పుట్టినప్పుడు?"

"మా చెరువుకు గండి పడిన ఏడంట. కొత్త వడ్లు దంచేటప్పుడు."

"ఆ గండి ఏడేగా నన్ను ఈ ఇంటికి చేసుకోనొచ్చింది." అవ్వ మళ్ళీ వేళ్ళు మడిచింది. ఈసారి ఆగలేదు. "రెండేళ్ళుండాది నీకింకా. ఎవురు పొమ్మనింది?"

"ఆ మాట మా ఆఫీసుకొచ్చి చెప్తావా అవ్వా."

"బస్సెక్కిస్తే వస్తా."

ఆ ఇంట్లో ఆ రోజు నవ్వింది ఆమె ఒక్కతే. కొంచెమే నవ్వింది.

తర్వాతి నెల ఆమెకు శాలువా కప్పారు. బాలల సంక్షేమానికి ఆమె చేసిన సేవలను పొగిడారు. సేవ ఏదీ చేయలేదని, చూశానంతేనని ఆమె అన్నది ఎవరికీ వినపడలేదు. పరిశోధన పదహారు దగ్గర ఆగిపోయింది. కొనసాగించే ఓపిక విభాగంలో ఎవరికీ లేకపోయింది.

మల్లేశ్వరి ఆత్మకూరు హాస్టల్లో చేరింది. తండ్రి మనసు మారిందని రాయాలని ఉంది గానీ, హాస్టల్లో అన్నం పెడతారని ఆయన ఒప్పుకున్నాడు. ఆమె అప్పుడప్పుడూ బస్సులో వచ్చి పిల్లను చూసి, బస్టాండు దాకా నాతో నడిచి, మళ్ళీ బస్సెక్కేది. ఆ కొత్తల్లోనే ఒకరోజు అడిగింది.

"ఆ పెళ్ళికొడుకు ఏమైనాడయ్యా?"

నాకు తెలుసు. చెప్పకుండా ఉంటే బాగుండేదని ఇప్పటికీ అనుకుంటాను. "ఆ నెలలోనే చేసేశారు మేడం. కలువాయి వైపు పిల్లనట."

"ఆ పిల్లకెంత?"

"ఎవరూ లెక్క కట్టలేదు."

బస్సు వచ్చింది. ఎక్కలేదు. అది పోయాక సిమెంటు బల్ల మీద కూర్చుని, ఆ పొడుగు చేతులు రెండూ ఒళ్ళో పెట్టుకుని, ఎదురుగా గోడను చూస్తూ ఉంది.

"ఆ పిల్ల మన శాంపిల్లో లేదు" అంది. తర్వాత, "సరే" అంది. మొదట్నించి అంటుందేమోనని చూశాను. అనలేదు.

మల్లేశ్వరికి అసలు పద్దెనిమిది వచ్చిన ఏడు ఆమె ఆఖరి ప్రశ్నలు అడిగి వచ్చింది. "ఒకరిది పూర్తయిందయ్యా" అంది. ఒక్కరితో ఏం తేలుతుంది మేడం అన్నాను. "ఏమీ తేలదు. మా శాస్త్రంలో ఒకరంటే ఎవరూ కాదు" అని, టీ తాగి, ఇంత చల్లటి టీ ఎలా తాగుతావని నన్ను కేకలేసి వెళ్ళిపోయింది. ఆ తర్వాత మోకాళ్ళు సహకరించలేదు. రాలేదు.

ఆ ఒకరు ఇప్పుడు ఆత్మకూరులో బడి పిల్లల యూనిఫారాలు కుడుతోంది. తనకు నచ్చినప్పుడు, నచ్చినవాణ్ణి పెళ్ళి చేసుకుంది. పిల్లల వయసు అడగదు. టేపు తీసి చేతులు చాపమంటుంది.

పేపరు మడిచి ఆ షాపుకు పోయాను. కుట్టుమిషను మీద అదే పేజీ పరిచి ఉంది.

"చూసినారా అన్నా. రెండేళ్ళు ఎక్కువేసినారు."

"సర్టిఫికెట్టు చూసి వేసుంటారు."

"ఫోన్ చెయ్యండి."

"పోయిన మనిషికి వయసు దిద్ది ఏం చేస్తాం మల్లేశ్వరీ?"

"ఆమె నాది దిద్దలేదా."

నాకు తెలిసిన విలేకరి ఒకడున్నాడు, అనంతసాగరం వాడే. ఫోన్ చేసి విషయం చెప్పాను. అతను ఓపిగ్గానే విన్నాడు. ఆధారం ఏమైనా ఉందా సార్ అన్నాడు. వాళ్ళ చెరువుకు గండి పడిన ఏడు పుట్టిందని చెప్పాను. అది కాదు సార్, కాగితం ఏదైనా, అన్నాడు. లెక్క కట్టిన అవ్వ పోయి చాలా కాలమైంది. ఇక చాల్లే అనుకుని పెట్టేయబోయాను.

మల్లేశ్వరి టేపు మెడలో వేసుకుని చెయ్యి చాపింది. "ఇట్టియ్యన్నా."

ఫోను చెవి దగ్గర పెట్టుకుని స్టూలు మీద కూర్చుంది. పక్కకు తిరిగింది. ఎదురుగా కుట్టాల్సిన గుడ్డలు తగిలించిన గోడ ఉంది. దాన్ని చూస్తూ, ఒక్క ఊపిరి తీసి, "సరేన్నా, మొదట్నించి" అంది. "మీ అవ్వ ఉండాదా ఇంట్లో?"